జెల్మీనా దాటించిన తలుపు

పార్టీ ఆఫీసు గోడ మీద కాగితం గీకడం జెల్మీనాకి పదిహేను నెలల్లో ఇది రెండోసారి.

అడుగున, సున్నం మీద రంగుతో వేసిన అసలు గుర్తు ఉంది: గోధుమ వెన్ను, దాని వెనక శిలువ. 1950లో వేసిన బొమ్మ. జడ్జీలు పెద్దవాళ్ళని వరసపెట్టి జైలుకి పంపడం మొదలయ్యాక పార్టీ పేరు మార్చుకుని, ఆ బొమ్మ మీద మొదటి కాగితం అంటించింది. ఆర్నెల్లకి నగరం కోటీశ్వరులతో చేతులు కలిపి రెండోది అంటించింది. ఇప్పుడు మూడోది రాబోతోంది. బకెట్లో వేడినీళ్ళు, చేతిలో పాత కత్తి పెట్టుకుని జెల్మీనా నిచ్చెన మీద నిలబడి గీకుతూ ఉంటే, కాగితం చిన్నచిన్న పేలికలై జుట్టులో పడుతోంది.

ఎదురుగా బారు గుమ్మంలో ఒత్తోరినో చేతులు కట్టుకుని చూస్తున్నాడు. జెల్మీనా కంటే పదేళ్ళు చిన్న. నోరు మాత్రం వయసుకి మించినది.

"ఈసారి ఏం పేరు పెట్టారు జెల్మీనక్కా?"

"పేరు అదే. కూటమి మారింది."

"అంటే ఇంటిపేరు మారలేదు, మొగుడు మారాడన్నమాట."

"నీ నోట్లో పురుగులు పడ. పోయి గ్లాసులు కడుక్కో."

"కడుగుతాలే గానీ, కొత్త మొగుడెవరో చెప్పు. ఊరంతా ఏదేదో అనుకుంటున్నారు. ఎర్రోళ్ళంటగా?"

జెల్మీనా కత్తి ఆపలేదు. ఆమెకి ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ఆ ఆఫీసు తాళంచెవి ఆమె మెడలో, మేరీమాత పతకం పక్కన, ఒకే దారానికి వేలాడుతోంది. అయినా ఆ గదిలో ఏం నిర్ణయించారన్నది ఆమెకి ఎప్పుడూ బారులోంచే తెలిసేది.

ఆ ఊరి పేరు కాస్తెల్‌మోరో. రోముకి చాలా ఉత్తరాన, పియావె నది ఒడ్డున మొక్కజొన్న, ద్రాక్ష పండే మైదానంలో ఉంటుంది. అక్కడ పార్టీ అంటే ఒకటే. మిగతావాళ్ళని పేరు పెట్టి పిలిచేవాళ్ళు, దీన్ని మాత్రం ఉత్తినే పార్టీ అనేవాళ్ళు. బాప్తిస్మం ఇచ్చేది ఫాదర్ అయితే, ఆ పిల్లవాడు పెరిగాక ఉద్యోగం ఇప్పించేది పార్టీ. మధ్యలో ఇంకో దేవుడు అక్కర్లేకపోయింది.

ఆ ఆఫీసు గది కట్టింది జెల్మీనా నాన్నలాంటి వాళ్ళే. ఆదివారం పూజ అయ్యాక నది అడుగు నుంచి గులకరాళ్ళు తోపుడుబండి మీద లాక్కొచ్చి పోసేవాళ్ళు. కౌలు రైతులు, చేతులు తప్ప ఏమీ లేనివాళ్ళు. పార్టీ కార్యదర్శి అడెల్కి మరాంగోన్ గారు పునాది గోతి గట్టున నిలబడి, "ప్రతి కుటుంబానికీ సొంత ఇంటి కప్పు, సొంత చెక్క నేల, యేసు ప్రభువు చెప్పినట్టు ఒకడి చెమట ఇంకొకడు తాగకుండా ఉండే దేశం" అని చెప్తే, ఆ రాళ్ళు బరువనిపించేవి కాదు. జెల్మీనా నాన్న ఆ మాట చచ్చేదాకా నమ్మాడు. సొంత కప్పు మాత్రం రాలేదు. మరాంగోన్ గారికి మూడు వచ్చాయి.

జెల్మీనా నాలుగో తరగతితో బడి మానేసింది. పట్టుపురుగుల మిల్లులో వేడినీళ్ళలో వేళ్ళు పెట్టి దారం తీసే పని. అయితే అక్షరాలు గుండ్రంగా రాసేది, ఎవరి ముఖమైనా ఒకసారి చూస్తే మర్చిపోయేది కాదు. ఆ రెండూ చూసి మరాంగోన్ గారు ఇరవై ఏళ్ళ పిల్ల చేతికి తలుపుల పుస్తకం ఇచ్చారు.

అది నల్ల అట్ట పుస్తకం. ఊళ్ళో ప్రతి వీధి, ప్రతి వీధిలో ప్రతి తలుపు. మనవాళ్ళ తలుపుకి చుక్క. ఎటూ తేలనివాళ్ళకి గీత. ఎర్రవాళ్ళకి కొట్టివేత. ఎన్నికలొస్తే ఆ పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. పాస్కా, అంటే ఈస్టర్ పండుగ ముందు ఇళ్ళు దీవించడానికి ఫాదర్ చెలెస్తె బయలుదేరినప్పుడూ అదే పుస్తకం. తీర్థజలం బకెట్ గుడి గంట కొట్టేవాడు పట్టుకుంటాడు. దీవెన అయ్యాక ఇంటివాళ్ళు ఇచ్చే కోడిగుడ్లు వేసుకోవడానికి గడ్డి పరిచిన బుట్ట జెల్మీనా పట్టుకుంటుంది. ఏ తలుపు తట్టాలో, ఏది దాటాలో చెప్పేది ఆమే. కమ్యూనిస్టుల ఇళ్ళ మీద ఆ నీళ్ళు పడకూడదని రోములో పెద్దలు తీర్మానించేశారు. కాస్తెల్‌మోరోలో ఆ పని చేసి పెట్టడానికి ఒక మనిషి కావాలి కదా.

తలుపు దగ్గర చెప్పాల్సిన మాట మాత్రం మారుతూ వచ్చింది. మొదట, ఎర్రవాళ్ళొస్తే గుడిని గుర్రాల సాల చేస్తారు అని. తర్వాత విడాకుల చట్టమొచ్చినప్పుడు, మీ కోడలు రేపు ఇంకొకడితో పోతుంది చూసుకోండి అని. అప్పుడు ఓడిపోయారు. ఓడిపోయాక ఇంక ఆ మాట ఎత్తొద్దన్నారు. ఆ తర్వాత, మీ షెడ్డుకి అనుమతి కావాలంటే ఎవరికి వేస్తారో ఆలోచించుకోండి అని. సొంత కప్పు, చెమట, యేసు ప్రభువు, అవన్నీ ఎప్పుడు జారిపోయాయో ఎవరూ గమనించలేదు. చివరి పదేళ్ళు చెప్పడానికే ఏమీ లేదు. జెల్మీనా చీటీ ఇచ్చేది, ఇంటావిడ తీసుకునేది, ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకునేవారు.

ఇదంతా ఆమె ఎందుకు చేసింది అంటే, కారణం తను ఉండే వాకిట్లోనే ఉంది.

జెల్మీనాకి ఒక చెల్లెలు, నీవెస్. నాలుగేళ్ళు చిన్న. ఇటుకల బట్టీలో పనిచేసే రీనోని చేసుకుంది. రీనో కమ్యూనిస్టు. చేతుల మీద కాలిన మచ్చలతో, అందరికంటే ఎత్తుగా, పాడుతూ తిరిగే మనిషి. పెళ్ళయ్యాక వాళ్ళు ఎక్కడికీ పోలేదు. అదే వాకిట్లో, కుళాయికి అవతల పక్క రెండు గదుల్లో కాపురం పెట్టారు. నీవెస్ పూజ మానలేదు. మొగుడు సభకి వెళ్తే, ఆమె జపమాల తిప్పుకునేది. "ఒకే మంచం మీద రెండు పార్టీలు, ఎవరి దుప్పటి వాళ్ళదే" అని రీనోయే నవ్వేవాడు.

1958లో, పాస్కాకి ముందు నలభై రోజుల తపస్సు కాలంలో, మరాంగోన్ గారు జెల్మీనాని ఆఫీసుకి పిలిపించారు. సిస్టర్ల బాలబడిలో ఆయా ఉద్యోగం ఖాళీ ఉంది. మిల్లు మూసేస్తున్నారు. ఆ ఉద్యోగానికి పేరు రాసేది ఆయనే.

"నువ్వు మంచి పిల్లవి. నాకు అభ్యంతరం లేదు" అన్నారు. "ఒక్కటే అడ్డు, నీకు తెలుసు. వాకిట్లో ఎర్ర మరక పెట్టుకున్న మనిషిని పసిపిల్లల మధ్య ఎలా పెట్టమంటావు?"

"మరక నాది కాదండీ."

"అదే. నీది కాదని జనానికి కనబడాలి."

మూడు రోజుల తర్వాత శుక్రవారం, దీవెన వాళ్ళ వీధికొచ్చింది.

నీవెస్ ముందు రోజే గోడలకి సున్నం వేసింది. బూడిదతో నేల తోమింది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, నీలం అంచు గిన్నెలో పన్నెండు గుడ్లు పెట్టింది. తన ముఖం చూసి ఫాదర్ వెనక్కి తిరక్కూడదని రీనో పని లేకపోయినా బట్టీకి వెళ్ళిపోయాడు. నలభై రోజుల బిడ్డని ఎత్తుకుని నీవెస్ గుమ్మంలో నిలబడింది.

ఫాదర్ చెలెస్తె మెత్తని మనిషి. తెరిచిన తలుపు, తెల్ల గుడ్డ, బిడ్డ కనబడగానే కాలు మెట్టు మీదికి ఎత్తేశాడు. ఎత్తాక గుర్తొచ్చి, జెల్మీనా వైపు తిరిగాడు.

"ఇక్కడెలాగమ్మా?"

నా చెల్లెలు ఫాదర్, రండి అంటే చాలు. లోపలికి వెళ్ళిపోయేవాడు. ఆయన కళ్ళు ఆ మాటే అడిగాయి. అది జెల్మీనాకి తెలుసు. తర్వాత ముప్పై ఏడేళ్ళు, రాత్రింబవళ్ళు ఆమెకి తెలుస్తూనే ఉంది.

"ఈ తలుపు కాదు ఫాదర్" అంది.

ఎత్తిన కాలు కిందికి దిగింది. నీవెస్ తలుపు విసిరి కొట్టలేదు. బిడ్డ లేవకుండా, మెల్లగా మూసింది.

జెల్మీనాకి ఉద్యోగం వచ్చింది. ముప్పై ఏళ్ళు బాలబడిలో పిల్లల ముక్కులు తుడిచి, నేల తుడిచి, రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు.

ఆ మరుసటి ఏడాది నుంచి దీవెన రోజున నీవెస్ తలుపు మూసే ఉంటుంది. కానీ కిటికీ గట్టు మీద, సరిగ్గా జెల్మీనా గుమ్మానికి ఎదురుగా, నీలం అంచు గిన్నె పెడుతుంది. అందులో పన్నెండు గుడ్లు. సాయంత్రం తీసేస్తుంది. ఫాదర్లు మారారు, ఇళ్ళు దాటించే అలవాటు కూడా పోయింది, ఎర్రవాళ్ళ పిల్లలకి గుళ్ళోనే పెళ్ళిళ్ళవుతున్నాయి. గిన్నె మాత్రం ప్రతి ఏడాదీ వచ్చి కూర్చునేది. ఒకే వాకిలి, ఒకే కుళాయి. ఒకరు నీళ్ళకొస్తే ఇంకొకరు ఆగేవారు. ముప్పై ఏడేళ్ళు.

మూడో కాగితం వచ్చిన ఏడాది, జనవరిలో రీనో పోయాడు. ఎర్ర జెండాలు, బ్యాండు, ఫాదర్ లేడు. జెల్మీనా శ్మశానం ఎదురుగా రాళ్ళు చెక్కేవాడి షెడ్డు వెనక నిలబడి చూసింది. ఆ రోజు నుంచీ ప్రతి ఉదయం వాకిలి దాటి ఆ తలుపు దాకా వెళ్ళాలనుకునేది. కుళాయి దాకా వెళ్ళేది. బిందె నింపుకుని వెనక్కి వచ్చేసేది. అరవై ఒకటి నిండాయి. ఇంక ఆమెకి కావలసింది ఒక్కటే: ఆ తలుపు తెరుచుకోవాలి, చెల్లెలు ఒక్క మాట అనాలి. తిట్టినా సరే.

మూడో కాగితం అంటించిన వారమే పార్టీ రెండు ముక్కలైంది. సగం మంది కోటీశ్వరుల వైపే ఉంటామన్నారు, సగం మంది ఎర్రవాళ్ళ వైపన్నారు. గది ఎవరిదని దెబ్బలాడుకున్నారు. నలభై రెండు కుర్చీలు చెరి ఇరవై ఒకటి పంచుకున్నారు. చివరికి వడ్రంగిని పిలిచి గది మధ్యలో ప్లైవుడ్ గోడ పెట్టించారు. తీరా చూస్తే శిలువ వెనక గోడకి సరిగ్గా మధ్యలో కొట్టి ఉంది. తీసి ఎవరికివ్వాలి? ఎవరూ ఒప్పుకోలేదు. దాంతో వడ్రంగి ప్లైవుడ్ గోడకి గంటు కోసి శిలువ చుట్టూ బిగించాడు. యేసు ప్రభువు ఎడమ చెయ్యి వాళ్ళ వైపు, కుడి చెయ్యి వీళ్ళ వైపు.

అది చూసి వచ్చిన ఒత్తోరినో బారులో ప్రతివాడికీ చెప్పి నవ్వించాడు. "ఆయన్ని సైనికులు కూడా ఇంత కష్టపెట్టలేదురా" అన్నాడు. జెల్మీనా గదిలో తుడుస్తూ ఆ శిలువని చూసి నవ్వలేకపోయింది. తన నాన్న మోసిన రాళ్ళ మీద నిలబెట్టారు ఆ చెక్కని.

ఎడమ సగానికి ఇప్పుడు కార్యదర్శి రుజ్జేరో, మరాంగోన్ గారి కొడుకు. ముప్పై ఎనిమిదేళ్ళు, మెడ చుట్టూ స్వెటరు, ఎప్పుడూ తొందర. తండ్రి ఫోటో అటకెక్కించింది కూడా అతనే. ఆ శుక్రవారం మీటింగుకి అతని పక్కన ఎర్రవాళ్ళ కార్యదర్శి ఇవానో కూర్చున్నాడు. జెల్మీనా కాఫీ పోసింది. ఇవానో కప్పు అందుకుంటూ "థాంక్స్ జెల్మీనా" అన్నాడు. రీనో శవపేటిక మోసినవాళ్ళలో అతనొకడు.

రుజ్జేరో మాట్లాడాడు. "మనం అటూ కాదు, ఇటూ కాదు. మనం మధ్య. మధ్య ఎక్కడుంటే అక్కడ మనం ఉంటాం." అందరూ చప్పట్లు కొట్టారు. నలభై ఏళ్ళలో ఆ గదిలో జెల్మీనా ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. కాఫీ కుండ పట్టుకునే అడిగింది.

"మరి ఆ పుస్తకం?"

"ఏ పుస్తకం?"

"తలుపులది. కొట్టేసిన తలుపులు ఉన్నాయి కదా బాబూ. వాటినేం చెయ్యాలి?"

రుజ్జేరో ఒక క్షణం అర్థం కాక చూసి, నవ్వేశాడు. "అది నాన్న కాలం నాటి గోలలే. ఇంకా ఎవరికి గుర్తుంది చెప్పు?"

ఇవానో కూడా నవ్వాడు. కొంచెం తక్కువ.

"నువ్వు అడగడం మంచిదైంది" అన్నాడు రుజ్జేరో. "నీతో ఒక పని ఉంది. మీ చెల్లెలు, రీనో గారి భార్య. ఆవిడంటే వాళ్ళ వైపు గౌరవం. నువ్వంటే మన వైపు గౌరవం. మీ ఇద్దరూ ఒక ఫోటో దిగండి. ఆవిడ గుమ్మంలో, చేతులు పట్టుకుని. ఎన్నికల కరపత్రం మీద వేస్తాం. ఆ గుడ్ల సంగతి విన్నాను, చాలా బాగుంది. ఆ గిన్నె కూడా మధ్యలో పట్టుకోండి. పాస్కా, శాంతి, కొత్త రోజులు. మాటలు కూడా అక్కర్లేదు."

"అది ఒప్పుకోదు."

"ఒప్పుకుంది" అన్నాడు ఇవానో, నేల చూస్తూ. "నేను మాట్లాడాను."

జెల్మీనా కాఫీ కుండ బల్ల మీద పెట్టేసింది. ఒప్పుకుందంటే తలుపు తీస్తుంది. తలుపు మూయించినవాళ్ళే తీయిస్తున్నారు. దాన్లో తప్పేముంది అనిపించింది. ఆ రాత్రి చాలాసేపు అదే అనుకుంది, దాన్లో తప్పేముంది అని. తెల్లారి లేచి జుట్టు కడుక్కుంది. పూజకి కట్టుకునే బూడిద రంగు గౌను వేసుకుంది.

పాస్కాకి వారం ముందు, మట్టల ఆదివారానికి ముందు శనివారం, పది గంటలకి వచ్చారు. రుజ్జేరో, ఇవానో, మెడలో కెమెరాతో ఒక మనిషి. వాకిట్లో మంచి ఎండ. రుజ్జేరోనే తలుపు తట్టాడు.

తెరుచుకుంది.

నీవెస్ నల్లబట్టల్లో ఉంది. జుట్టంతా తెల్లబడింది. ఇంత దగ్గర నుంచి చూసి చాలా ఏళ్ళయింది కాబట్టి, ఆ ముఖం అమ్మ ముఖం అయిపోయిందని జెల్మీనాకి ఇప్పుడే తెలిసింది. లోపల బల్ల కనబడుతోంది. గుడ్డ లేదు.

"రండమ్మా, ఇద్దరూ గుమ్మంలోకి" అన్నాడు రుజ్జేరో. "గిన్నె ఎక్కడుందండీ? నీలం అంచుది? అదిగో. ఇవానో, కొంచెం అందించు. గుడ్లు పైకి కనబడాలి. ఒకటి రెండు ఇటు జరపండి, నిండుగా ఉన్నట్టు."

కెమెరా మనిషి కళ్ళు చికిలించాడు. "కొంచెం దగ్గరగా జరగండి. అక్కాచెల్లెళ్ళే కదా."

నీవెస్ కదల్లేదు. జెల్మీనా ముఖంలోకి చూసి, మెల్లగా అడిగింది.

"పార్టీ పంపిందా, నువ్వొచ్చావా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ ఒక్క అబద్ధంతో తలుపు అలాగే తెరిచి ఉండేది.

"పార్టీ పంపింది" అంది జెల్మీనా.

"నాకూ అంతే" అంది నీవెస్. "పార్టీ చెప్పింది, నిలబడమని."

"నవ్వాలమ్మా" అన్నాడు కెమెరా మనిషి.

ఇవానో చేతుల్లో నీలం అంచు గిన్నె ఉంది. అతను దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. రుజ్జేరో ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఇంకో కాలు ఎత్తి, లోపలికి వెళ్ళి వెలుతురు ఎలా ఉందో చూడబోయాడు. ఎత్తిన ఆ కాలు చూసింది జెల్మీనా. అది ఎక్కడ చూసిందో వెతుక్కోవలసిన పని లేకపోయింది.

"ఈ తలుపు కాదు బాబూ" అంది.

"ఏంటి?"

"ఈ తలుపు కాదు. కాలు దించండి."

"జెల్మీనా, ఏమైంది నీకు? రెండు నిమిషాల పని."

"అప్పుడు అరనిమిషం పట్టింది." ఆమె గొంతు పెద్దది కాదు. కానీ ఆమె తన ఒంటిని అతనికీ గుమ్మానికీ మధ్య పెట్టేసింది. "ఇవానో, ఆ గిన్నె కిటికీ మీద పెట్టెయ్. నీది కాదది."

ఇవానో పెట్టేశాడు. పెట్టి, "నీవెస్, మనం అనుకున్నాం కదా" అన్నాడు.

"నువ్వనుకున్నావు" అంది నీవెస్. "రీనో బతికుంటే నిన్ను ఆ తీర్థజలం బకెట్లోనే ముంచేవాడు."

రుజ్జేరో ముఖం ఎర్రబడింది. "నీకు అన్నం పెట్టింది మా నాన్న. ఆ ఉద్యోగం ఎవరిప్పించారో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అందుకే చెప్తున్నా."

మెడలోంచి దారం తీసింది. మేరీమాత పతకం విప్పి గుప్పిట్లో పెట్టుకుని, తాళంచెవి అతని స్వెటరు మీద పెట్టింది. అతను పట్టుకోకపోయేసరికి అది మెట్టు మీద పడింది. వంగి తీసుకున్నది కెమెరా మనిషి.

వాళ్ళు వాకిలి దాటాక జెల్మీనా వెనక్కి తిరిగింది. తలుపు మూసి ఉంది. ఎప్పుడు మూసిందో చప్పుడు కాలేదు. మళ్ళీ అంత మెల్లగానే మూసింది.

ఆ ఎన్నికల సంగతి ఇక్కడే చెప్పేసి వదిలేద్దాం. ఆ బొమ్మ లేకుండానే కరపత్రం వేశారు. జెల్మీనా చీటీలు పంచలేదు. ఆమె బదులు తిరిగిన కుర్రవాళ్ళకి ఏ తలుపు ఎవరిదో తెలియదు. ఒకప్పుడు ఊళ్ళో పదిమందిలో ఏడుగురు వేసే పార్టీకి ఈసారి ఎడమ ముక్కకి యాభై ఎనిమిది ఓట్లు, కుడి ముక్కకి యాభై మూడు. ప్లైవుడ్ గోడకి రెండు వైపులా ఉన్న కుర్చీలకి మూడింతలు కూడా లేవు. ఏడాది తిరక్కుండా ఆ గది అమ్మేశారు. స్నానాల గదుల పలకలు అమ్మే దుకాణం వచ్చింది. రుజ్జేరో ఇంకో పార్టీలో చేరాడు. అది అంతకుముందు అతను తిట్టిన పార్టీ. గోడకి దుకాణంవాళ్ళు మూడు పూతలు రంగు వేశారు. వాన కురిసినప్పుడు గోధుమ వెన్ను కొంచెం కనబడుతుంది. తర్వాత ఎండకి మళ్ళీ పోతుంది.

ఓటింగు ఆదివారం పొద్దున, గుడి గంటలయ్యాక, జెల్మీనా వాకిట్లోకి వచ్చింది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆమె ఓట్లు వేసే బడి గేటు దగ్గర లేదు. బిందె కూడా తేలేదు. కుళాయి దాటింది. తలుపు తట్టింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గడియ చప్పుడు. అరచెయ్యంత తెరుచుకుంది.

"ఎవరు పంపారు?"

"ఎవరూ లేరు."

నీవెస్ ఆమె వెనక వాకిలంతా చూసింది, నిజంగా ఎవరూ లేరా అని. తలుపు ఇంకొంచెం తీసి, దానికి ఆనుకుని నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"నలభై రోజుల బిడ్డని పట్టుకుని నిలబడ్డాను" అంది. "నువ్వూ కాసేపు నిలబడు."

జెల్మీనా నిలబడింది. మోకాళ్ళు నొప్పి పెట్టాయి. ఎండ మెడ వెనక్కి వచ్చింది. వీధిలో ఓటుకి వెళ్ళేవాళ్ళు వాకిట్లోకి తొంగి చూసి, చూడనట్టు వెళ్ళిపోయారు. నీవెస్ లోపలికి వెళ్ళి బియ్యంలో రాళ్ళు ఏరుకుంది, మళ్ళీ వచ్చింది. తలుపు మాత్రం మూయలేదు.

చివరికి ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి గుమ్మం బయట పెట్టింది. తను లోపల ముక్కాలి మీద కూర్చుంది. మధ్యలో గడప.

"లోపలికి రానివ్వను" అంది.

"సరే."

"తలుపు తీసింది గాలి కోసం."

"సరేలే."

జెల్మీనా కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ గట్టు వైపు చూసి, అడిగింది.

"ప్రతి ఏడాదీ ఆ గుడ్లు... సాయంత్రం ఏం చేసేదానివి?"

నీవెస్ ఆమె వైపు వింతగా చూసింది. "తినేవాళ్ళం. ఏమనుకున్నావు? నీ కోసం కుళ్ళబెట్టాననుకున్నావా? రీనోకి అట్టంటే ప్రాణం. ఉల్లిపాయలేసి పన్నెండూ కొట్టేదాన్ని. నీ పేరు చెప్పుకుని తినేవాడు."

"నా పేరా?"

"'మీ అక్క పుణ్యాన' అనేవాడు. నాకు ఒళ్ళు మండేది."

ముప్పై ఏడేళ్ళు జెల్మీనా ఆ గిన్నె కనబడిన రోజు ముద్ద ముట్టేది కాదు. ఆ తలుపు వెనక వాళ్ళు అట్టు తింటున్నారు.

"ఓటేశావా?" అంది నీవెస్.

"లేదు. నువ్వో?"

"ఎవరికెయ్యను?"

మధ్యాహ్నం గంట కొట్టింది. నీవెస్ లేచి మొక్కజొన్న సంకటి కుండ పొయ్యి మీద పెట్టింది. అంటే పొమ్మని. జెల్మీనాకి అర్థమైంది. లేచింది. కుర్చీని రెండు చేతులా ఎత్తి గడప లోపల పెట్టబోయింది.

"లోపల పెట్టకు" అంది నీవెస్, కుండలో కర్ర తిప్పుతూ, ఇటు తిరక్కుండానే. "అక్కడే ఉండనీ. రేపు మళ్ళీ ఎవరు ఈడుస్తారు దాన్ని."